ఇరవై రెండో అంతస్తు నుంచి బస్సు దాకా

ఊళ్ళో పెద్దవాళ్ళలో సగంమంది నవ్వేది ఆవిడ చేసిన పళ్ళతోనే. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు మాత్రం తక్కువ. పెద్దాసుపత్రి వెనక సందులో రెండు గదుల ల్యాబు ఆవిడది. పళ్ళ డాక్టర్లు రోగి నోటి కొలత పంపితే ప్లాస్టరుతో అచ్చు పోస్తుంది. మైనం దిమ్మె మీద పళ్ళు ఒక్కొక్కటీ నిలబెడుతుంది. గులాబిరంగు చిగుళ్ళు దిద్ది, ఉడకబెట్టి, సానపట్టి పంపిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. సందులో అందరూ పళ్ళక్క అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది.

ల్యాబు నుంచి ఇంటికి పన్నెండు నిమిషాల నడక. అద్దెకున్న రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ళ కిటికీయే. అక్కడ ఎవరైనా తుమ్మితే ఇక్కడ కప్పులో టీ తొణుకుతుందని ఆవిడ భర్త విసుక్కునేవాడు. ఆయన నీటి సరఫరా ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు. ముప్పై మూడేళ్ళు భూమి కింద పోయే గొట్టాలు గీసీ గీసీ రిటైరయ్యాడు. అప్పుడు పట్టుకుంది ఆయనకి ఆకాశం పిచ్చి.

ఆ పిచ్చికి ఆజ్యం పోసింది అన్నగారు. ఆయన బిల్డరు. అన్నదమ్ములిద్దరి పేరా ఉన్న పాత కొట్టు ఒకటి ఎప్పుడో ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. తమ్ముడి వాటా ఏదని పళ్ళక్క పదకొండేళ్ళుగా అడుగుతూనే ఉంది. చివరికి ఒకరోజు బావగారే స్వయంగా కారులో వచ్చి, ఇద్దర్నీ ఎక్కించుకుని, ఊరు దాటి, కాలవ దాటి, లారీల రోడ్డు దాటి తీసుకెళ్ళి, ఒక టవరు ముందు దింపాడు.

"కొట్టులో నీ వాటాకి బదులు ఇదే. ఇరవై రెండో అంతస్తు రా తమ్ముడూ. దీనిపైన ఇంకేం లేదు, పిట్టలే!"

తలుపు తీయగానే ఆవిడ నోట మాట రాలేదు. ఆ సంగతి ఆవిడ తర్వాత కూడా దాచలేదు. మూడువైపులా నేల నుంచి కప్పుదాకా అద్దాలు. కింద నది వంపు తిరిగి వెళుతోంది. హాల్లో సైకిలు తొక్కొచ్చు. వంటింటి బండ ఆవిడ ల్యాబు బల్లకి రెండింతలుంది. అన్నిటికంటే ఆ వెలుతురు! పంటి రంగు సరిపోల్చడానికి సూటి ఎండ తగలని ఉత్తరపు వెలుతురు కావాలని ఇరవై ఆరేళ్ళుగా సందులోకి పోయి, నమూనా పన్ను పైకెత్తి పట్టుకుని చూసే మనిషి ఆవిడ. ఇక్కడ ఎక్కడ నిలబడినా వెలుతురే. సంచిలోంచి నమూనా తీసి అద్దం దగ్గర పెట్టి చూసుకుంది. అంత స్పష్టంగా తెల్లదనంలో పసుపు తేడా ఆవిడకి ఎన్నడూ కనపడలేదు.

"చూశావా? మా మరదలు కూడా పడిపోయింది!" అన్నాడు బావగారు.

ఆ మాటతో ఆవిడకి తెలివొచ్చింది. "ఇక్కడ బస్సు ఎక్కడాగుతుంది బావగారూ?"

"వస్తుందమ్మా, వస్తుంది. ఏడాదిలో మెట్రో కూడా వస్తుంది."

"ఇవాళ ఎక్కడాగుతుంది?"

బావగారు నది వైపు చూశాడు. భర్త ఆవిడ వైపు గుడ్లురిమి చూశాడు.

ఇంటికొచ్చాక మొదలైంది. ఆయన ఒక మాటంటే ఆవిడ రెండు. కూరగాయలు కావాలంటే ఎక్కడికెళ్ళాలి అని ఆవిడ. ఈ ఇరుకులో చస్తానా అని ఆయన. ఇరవై రెండు అంతస్తుల్లో దీపం వెలిగేది ఆరిళ్ళలోనే, ఎందుకో ఆలోచించారా అని ఆవిడ. మా అన్నయ్య ఇస్తే నీకు విషంలా ఉంటుంది అని ఆయన. అందులో కొంత నిజం లేకపోలేదు. ల్యాబునే అక్కడికి మారిస్తేనో అని కూడా ఆవిడ రెండు రోజులు ఆలోచించింది. కాని టవర్లో వ్యాపారాలు కూడదట. కూడినా అంత దూరం కొలతలు మోసుకొచ్చే డాక్టరెవరు?

"ఒక్క నెల ఉండి చూస్తాను," అంది ఆఖరికి. "నాకు కుదరకపోతే ఇక్కడికే తిరిగొస్తాను. ఈ ఇల్లు అలాగే ఉండాలి."

"సరే. మాటిచ్చాను కదా!" అన్నాడాయన. అంత తొందరగా ఒప్పుకున్నందుకైనా ఆవిడకి అనుమానం రావాల్సింది.

రెండు సూట్‌కేసులతో వెళ్ళారు. ఆయన పొద్దున్నే లేచి కుర్చీ అద్దం దగ్గరికి లాక్కుని, కాళ్ళు చాపుకుని, నది మీద పొగమంచు చూస్తూ టీ తాగేవాడు. ఆవిడ అప్పటికే లారీల రోడ్డు అంచున నడుస్తూ ఉండేది. కాలిబాట లేదు. ఒక్కో లారీ వెళ్ళినప్పుడల్లా చీర కొంగు తలకి చుట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆగి, మళ్ళీ నడక. అలా అరగంట పైన నడిస్తే కూడలి. అక్కడ బస్సు. ఆ బస్సు డిపోలన్నీ తిరిగి గంటంబావుకి ఊళ్ళో దింపుతుంది. సాయంత్రం అదే వరస తిరగేసి. ల్యాబుకి చేరేసరికి చేతులు వణికేవి. చేతులు వణికే మనిషి మైనంలో పన్ను నిలబెడితే అది ఎటు చూస్తుందో చెప్పక్కర్లేదు.

రెండోవారంలో ఒక వకీలుగారి సెట్టు ఆలస్యమైంది. పై దవడ, కింది దవడ రెండూ. పది గంటలకి ఇస్తానన్నది, బస్సు చెడిపోయి పన్నెండున్నరకి ఆవిడే ఇంకా ల్యాబు తాళం తీస్తోంది. వకీలుగారు బోసినోటితోనే కోర్టుకి పోయి వాదించాడు. జడ్జి రెండుసార్లు "ఏమంటున్నారు?" అని అడిగి, మూడోసారి వాయిదా వేశాడట. ఆయనకి పళ్ళు కట్టిస్తున్న డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"పళ్ళక్కా, నీ పనికి వంక పెట్టను. కాని నాకు టైముకి కావాలి. ఈ నెల కేసులు వేరే ల్యాబుకి పంపిస్తున్నాను."

పధ్నాలుగేళ్ళ నుంచి పని ఇస్తున్న డాక్టరమ్మ. ఆవేళ టవరుకి చేరి ఆ సంగతి చెబితే భర్త అద్దం వైపు నుంచి తల తిప్పకుండానే అన్నాడు: "ఒక గంట ముందు బయల్దేరితే సరిపోయేది."

ఆవిడ చేతిలో గ్లాసుంది. విసరలేదు. అంతే.

మూడోవారం చివర్లో ఒక మధ్యాహ్నం జ్వరంగా అనిపించి, ల్యాబు మూసి, కాసేపు పాతింట్లో నడుం వాల్చుదామని వెళ్ళింది. తలుపు బార్లా తీసి ఉంది. వంటింట్లో నిచ్చెన మీద నిలబడి ఒక రంగులాయన గోడకి ఆకుపచ్చ రంగేస్తున్నాడు. మంచం లేదు. బీరువా లేదు. ఆవిడ చెప్పుల స్టాండు కూడా లేదు.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు రంగులాయన.

"ఇది మా ఇల్లు."

"ఒకటో తారీకున కొత్తవాళ్ళు దిగుతున్నారే! పాతవాళ్ళు ఖాళీ చేసి మూడువారాలైందన్నారు ఓనరుగారు."

మూడువారాలు. అంటే సూట్‌కేసులు పట్టుకుని బయల్దేరిన మర్నాడే. ఆవిడ గుమ్మంలోనే నిలబడి భర్తకి ఫోన్ చేసింది. "ఎక్కడున్నారు?"

"అన్నయ్యావాళ్ళింట్లో. ఏం?"

ఏమీ లేదని పెట్టేసింది. బావగారి ఇల్లు అక్కడికి ఎనిమిది నిమిషాలు. ఊరి నడిబొడ్డున. గుమ్మం దిగితే మార్కెట్టు, మలుపు తిరిగితే బస్టాండు. జ్వరంతోనే నడిచింది. లోపల అన్నదమ్ములు సోఫాలో కూచుని ఉన్నారు. తోటికోడలు టీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

"రామ్మా, రా! ఇంత ఎండలో!" అన్నాడు బావగారు.

ఆవిడ కూచోలేదు. భర్తని అడిగింది. "మన సామాను ఎక్కడుంది?"

ఆయన అన్న వైపు చూశాడు. బావగారే అందుకున్నాడు. "నా గోడౌన్లో భద్రంగా ఉందమ్మా. రెండిళ్ళు దేనికి, దండగ! అగ్రిమెంటు వీడి పేరు మీదే ఉంది కదా. నేనే చెప్పాను వదిలెయ్యమని."

"నన్నడక్కుండా నా ఇల్లు వదిలెయ్యమన్నారా?"

"అంత మంచి ఇల్లు ఇచ్చాక కూడా..." అని తోటికోడలు మొదలుపెట్టింది.

"అవునక్కయ్యా, మంచి ఇల్లే. మీరే ఎన్నిసార్లు అన్నారు, మేమే ఉండాల్సిన ఇల్లు మీకిచ్చాం అని! అయితే ఒక పని చేద్దాం. ఒక్క ఏడాది మీరు అక్కడుండండి. మేము ఇక్కడుంటాం. రేపే మారదాం. తాళంచెవులు ఇదిగో."

టీపాయ్ మీద తాళాల గుత్తి పడేసిన చప్పుడుకి ట్రేలో కప్పులు గలగలలాడాయి. ఎవరూ ఆ గుత్తిని ముట్టుకోలేదు.

"అదేం మాట!" అన్నాడు బావగారు.

"ఎందుకు కాదు? నది కనపడుతుంది. పిట్టలుంటాయి. మెట్రో వస్తుంది."

"నాకు ఆఫీసుంది, సైట్లున్నాయి, మీ అక్కయ్యకి మోకాళ్ళు..." బావగారి గొంతు లేచింది. "అంత దూరంలో మనిషన్నవాడు ఎవడుంటాడు? అమ్ముడుపోకే కదా మీకు..."

అక్కడ ఆగాడు. కాని మాట బయటికొచ్చేసింది. తోటికోడలు ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పళ్ళక్క భర్త వైపు తిరిగింది. "విన్నారా? ఏనుగునిచ్చి అంకుశం దాచుకున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, ఆ ఏనుగు లేవదని తెలిసే ఇచ్చాడు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మీరు నెత్తినెట్టుకున్నారు. ఊడినవి నావి."

ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ వినడానికి ఆగలేదు.

వారం తిరక్కుండానే ల్యాబు సందు చివర ఒక గది అద్దెకి తీసుకుంది. ఒక కిటికీ, మూలన పొయ్యి, మెట్ల కింద స్నానాల గది. అగ్రిమెంటు తన పేరు మీద రాయించుకుంది. గోడౌన్ నుంచి తన బీరువా, చిన్న మంచం తెప్పించుకుంది. రెండు మంచాలు తెమ్మంటారా అని బండివాడు అడిగితే, ఒకటి చాలంది. మర్నాటి నుంచి ఏడింటికల్లా ల్యాబు తెరిచేది. నెలాఖరుకి డాక్టరమ్మ మళ్ళీ కొలతలు పంపింది. వకీలుగారు మాత్రం ఇంకో ల్యాబులోనే కట్టించుకున్నాడు.

భర్త అయిదు నెలలు ఆ టవర్లోనే ఉన్నాడు. పంతం. ఆయన తగ్గడు, ఆవిడ పిలవదు. అన్న ఇంటికీ వెళ్ళడం మానేశాడు. ఆరోజు అన్నగారు నోరుజారిన మాట ఆయనకి పంటి కింద రాయిలా మిగిలిపోయింది. దాన్ని ఉమ్మెయ్యలేడు, మింగలేడు. ఎండాకాలంలో మూడువైపుల అద్దాల్లోంచి ఎండ లోపలికి దూకి ఇంటిని కొలిమి చేసింది. ఆపైన లిఫ్టు చెడిపోయింది. నాలుగురోజులు బాగుచెయ్యడానికి ఎవరూ రాలేదు. అంత దూరం రావడానికి మెకానిక్కు ఒప్పుకోలేదట. ఆయన రొట్టె, టొమాటోల కోసం ఇరవై రెండు అంతస్తులు దిగాడు. మళ్ళీ ఎక్కలేదు.

సరాసరి ల్యాబుకే వచ్చాడు, చేతిలో టొమాటోల సంచితో. ఆవిడ సానచక్రం ఆపలేదు.

"మోకాళ్ళు పట్టేశాయి," అన్నాడు.

"ఆసుపత్రి ముందువైపుంది. ఇది వెనక."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. టొమాటోల సంచి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: "నేను అడగాల్సింది."

"అడగాల్సింది."

అంతకుమించి క్షమాపణలేమీ జరగలేదు. రెండో మంచం ఆయనే తెచ్చుకున్నాడు. ఒకే గదిలో ఉంటారు, ఎడమొహం పెడమొహంగా. కూర వండుతుంది, తనకి వడ్డించుకుంటుంది, గిన్నె మీద మూత పెడుతుంది. ఆయన తీసుకుని తింటాడు. "జరగండి", "లైటు తియ్యండి", ఇలాంటివి తప్ప రోజుల తరబడి మాటలుండేవి కావు. ఆవిడ కోపం తగ్గిందా అని సందులో ఎవరో అడిగితే, "తగ్గడానికి అదేమైనా జ్వరమా?" అందట.

ఆ టవరు ఇల్లు అమ్మేద్దామని ఆయనే అన్నాడు. కాగితాల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి, కొనేవాళ్ళు చూడ్డానికి వస్తామన్న ఆదివారం ఆవిడ కూడా వెళ్ళాల్సి వచ్చింది. వచ్చింది ఒక కుర్ర జంట. అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆ అమ్మాయి పెద్దాసుపత్రిలో నర్సు, షిఫ్టు డ్యూటీలు. తలుపు తీయగానే ఆ అమ్మాయి కూడా నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. ఆయన అద్దాలు తెరిచి చూపించాడు, నది వంపు చూపించాడు, పొద్దున్న పొగమంచు ఎలా ఉంటుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆ చెప్పడంలో అబద్ధం లేదు. నిజంగానే ఆయనకి ఆ నదంటే ప్రాణం. పళ్ళక్కకి అది తెలుసు. తెలిసే గోడకానుకుని ఊరుకుంది.

"బస్సు దగ్గరేనా అంకుల్?" అంది ఆ అమ్మాయి.

ఆయన ఒక్కక్షణం ఆగాడు. తర్వాత అన్నాడు: "దగ్గరే అమ్మా. పది నిమిషాలు."

"ముప్పై అయిదు," అంది పళ్ళక్క గోడ దగ్గర్నుంచి. "లారీల రోడ్డు మీద. కాలిబాట లేదు. అక్కణ్ణుంచి ఆసుపత్రికి గంటంబావు."

"నువ్వు నోరు మూస్తావా?" అని ఆయన అరిచాడు, పరాయివాళ్ళ ముందే.

"మూయను."

ఆ కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. నర్సు నవ్వలేదు. అద్దం దగ్గర్నుంచి ఇవతలికొచ్చి, చేతి గడియారం చూసుకుంది. "బస్సు దాకా నడిచి చూద్దామా ఆంటీ?"

నలుగురూ లిఫ్టులో కిందికి దిగారు. రోడ్డెక్కాక ఇద్దరాడవాళ్ళూ ముందు నడిచారు. కుర్రాడు మధ్యలో. ఆయన అందరికంటే వెనక, లారీల దుమ్ములో. కూడలికి చేరి ఆ అమ్మాయి గడియారం చూసింది.

"ముప్పై ఎనిమిది. మీరు మూడు నిమిషాలు తక్కువ చెప్పారు ఆంటీ."

"నేను రోజూ భయంతో నడిచేదాన్నమ్మా. తొందరగా నడిచేసి ఉంటాను."

బస్సొచ్చింది. ముగ్గురూ ఎక్కారు. ఆయన ఎక్కలేదు. తర్వాత బస్సుకొస్తానని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. తర్వాత బస్సు నలభై నిమిషాలకి గాని రాదని ఆవిడకి తెలుసు. చెప్పలేదు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే నర్సుని కూచోబెట్టి, తను ఇవతల కూచుంది.