ఆరబెట్టిన కుంట

ముప్పై ఏళ్ళు బెంటోనైట్ మట్టితో బతికినవాణ్ణి. ఆ మట్టి గురించి ఎవరైనా నాకు చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. భిలాయిలో ఒక ఫౌండ్రీలో, ఇసుక కలిపే చోట చేరి అక్కడే రిటైరయ్యాను. ఇసుకలో ఈ బూడిదరంగు పొడి, కాసిని నీళ్ళు కలిపితే రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆ ఇసుకతో అచ్చు కట్టి, అందులో కరిగిన ఉక్కు పోస్తారు. పిడికెడు ఇసుక తీసి నొక్కి, విరిచి చూసి, పట్టు చాలిందో లేదో చెప్పేసేవాణ్ణి. ల్యాబులో మిషను కూడా తర్వాత తీరిగ్గా అదే చెప్పేది.

నీళ్ళు ఎక్కువైతే మాత్రం అంతే సంగతులు. తడి ఆవిరై, పోసిన ఉక్కు పైకి చిమ్ముతుంది. చేరిన కొత్తలో ఒకసారి నేనే ఎక్కువ పోశాను, ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. ఎడమ మోచేతి కింద అరచెయ్యంత మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత పెద్ద అచ్చుల్ని దగ్గరుండి మరీ ఆరబెట్టించేవాణ్ణి. తోటివాళ్ళు సూఖా బాబు, అంటే పొడి బాబు, వచ్చాడని ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏడిపించారు, నా చేతి మీదుగా మరొకడు కాలలేదు.

భిలాయి పక్కన కుమ్హారి దగ్గర మా చెల్లెలికి ఎకరం నేల ఉంది. వాళ్ళాయన పోయేముందు కొన్నది. అందులో కుంట తవ్వించి, నీళ్ళలో కాయలు కాసే సింఘాడా తీగ వేసింది. వానలకి కుంట నిండింది, పది రోజులకి ఖాళీ అయింది. అదంతా ముర్రం నేల, పోసింది పోసినట్టు తాగేస్తుంది. తీగలు బురదలోనే ఎండిపోయాయి. ఇంకొక్క ఏడు చూస్తానంది. అప్పటికీ నీళ్ళు నిలవకపోతే నేల వదిలేసి భిలాయి క్యాంప్ వన్‌లో మా ఇంటికి వచ్చేస్తానంది.

మా ఆవిడ వెనక గది సర్ది, మంచం కూడా వేయించింది. మా చెల్లెలు ఒకరింట్లో కూచుని తినే మనిషి కాదు. ఆ గది మాటెత్తితే మొహం ఎటో తిప్పేసుకునేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది వచ్చేస్తే బాగుండునని నాకు లోపల ఉండేది. అయినా కుంట అడుగున బెంటోనైట్ పరుద్దామన్నది నేనే. తెలిసిన విద్య కదా, ఊరుకోబుద్ధి కాలేదు.

ఈ మట్టిలో రెండు రకాలున్నాయి. సోడియం రకం నీళ్ళు తాగి బాగా ఉబ్బుతుంది, రెండోది అంతగా ఉబ్బదు. చూపుకి రెండూ ఒకటే. అందుకని కచ్ నుంచి వచ్చిన సరుకులోంచి చెంచాడు పొడి తెచ్చి, చెల్లెలి వంటింట్లోనే గాజు గ్లాసులో నీళ్ళ మీద కొద్దికొద్దిగా జల్లాను. మధ్యాహ్నానికి పావు గ్లాసు దాకా ఉబ్బి కూచుంది. అలా ఉబ్బి, నేలలోని సందులన్నీ మూసేస్తుందని వివరించాను. చెల్లెలు వేలుతో కాస్త తీసి నలిపి చూసి, సగ్గుబియ్యం జావలా ఉందని నవ్వింది. ఆ వేలి మీది మట్టి ఆరి పెచ్చులు లేచేదాకా దాన్నే చూస్తూ కూచుంది. నేను పట్టించుకోలేదు.

జూన్ మొదట్లో కుంట అడుగు మట్టిని గుల్లచేసి, పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, రోలరుతో అణగదొక్కించాను. పని రెండు రోజుల్లో అయిపోయింది. గట్టు మీద నిలబడి చెల్లెలు అడిగింది.

"అన్నయ్యా, ఎండకి ఆరిపోతే బీటలు రావేటి? పైన మట్టి కప్పి తడి ఉంచేద్దుమా?"

"నీకేటి తెలుసే? ముప్పై ఏళ్ళు చేసినోణ్ణి నేను. ముందు ఆరాలి."

సరేనంది.

మర్నాడు స్కూటరు మీద వచ్చి చూస్తే, కుంటలో అవతలి సగమంతా వరిగడ్డి పరిచి ఉంది. ఇదేమిటంటే మేకలు దిగి తొక్కేస్తున్నాయంది. మంచి పని చేశావని మెచ్చుకున్నాను కూడా. రోజూ వచ్చి ఇవతలి గట్టు మీద గొడుగేసుకుని కూచుని, మట్టి తెల్లబడుతుంటే చూసి తృప్తిపడేవాణ్ణి.

నాలుగో రోజున నా సగం బీటలు వారింది. కిందికి దిగి చూస్తే వేలు దూరేంత సందులు. పడమర మబ్బు పడుతోంది, పొడి అంతా వాడేశాం, మా ఇంట్లో ఆ మంచం సిద్ధంగా ఉంది. దాని బతుకు నా చేతులారా ఆరబెట్టానని భయమేసింది. ఏం చెయ్యాలో తోచక అవతలికి నడిచి గడ్డి ఎత్తాను. కింద మట్టి నల్లగా, తడిగా, నున్నగా ఉంది. వెంట్రుకంత బీట లేదు.

వెనకాల చెల్లెలు రెండు బకెట్ల నీళ్ళతో నిలబడి ఉంది. నేను రాకముందే రోజూ పొద్దున్నే బోరింగు కొట్టి, ఆ సగమంతా తడుపుతోందట. ఆ రోజు నేనే తొందరగా వచ్చాను.

"ఈ నేల్లోకి మేకలెప్పుడొచ్చినాయి అన్నయ్యా," అంది మెల్లగా.

గట్టిగా పోట్లాడి నాతో చెప్పొద్దా అని దాని మీదే అరిచాను. తప్పు నాది, అరుపూ నాదే.

"నీ చెయ్యి కాలినప్పుడు నెల్లాళ్ళు కట్టు మార్చింది నేను. తడంటే నీకెంత భయమో నాకు తెల్దా? అందుకే వాదించనేదు."

అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు. మజ్జిగలో తడిపిన బట్ట తెస్తే నేను విసిరికొట్టడం, అది మళ్ళీ తేవడం గుర్తొచ్చాయి. దానికి తెలియదనుకున్నాను. దానికి మట్టీ తెలుసు, నేనూ తెలుసు. ఫౌండ్రీలో మేం మట్టిని అడిగింది ఉక్కు గట్టిపడేదాకా నిలబడమనే. ఆ తర్వాత అచ్చుని మేమే సుత్తులతో పగలగొట్టేవాళ్ళం. ఏళ్ళ తరబడి నీళ్ళని పట్టుకుని ఉండమని దాన్ని నేనెప్పుడూ అడగలేదు. చెల్లెలికి కావలసింది అదొక్కటే.

బకెట్ నా చేతికిచ్చి, నన్నే పొయ్యమంది. కళ్ళు సగం మూసుకుని, బీటల మీద నీళ్ళు పోశాను. ఏమీ చిమ్మలేదు. సాయంత్రం దాకా ఇద్దరం మోస్తూనే ఉన్నాం. తెల్లారేసరికి మట్టి ఉబ్బి, బీటలు చాలావరకు మూసుకుపోయాయి. మూసుకోనిచోట తడిముద్ద కూరి, జానెడు మట్టి కప్పి, పైన గడ్డి పరిచాం. మరో రెండు రోజులకి వాన మొదలైంది.

కుంట మధ్య గీతలు గీసిన వెదురు కర్ర పాతాను. వానలు వెనకబట్టాక రోజూ వెళ్ళి చూశాను. ఎండ తాగినంతే తగ్గింది, నేల తాగలేదు. అంత పెద్దవాణ్ణి, గట్టు మీద కూచుని ఏడ్చాను. చెల్లెలు చూసి, మేకలొచ్చాయా అని అడిగింది.

మా ఇంటి వెనక గదిలో మంచం తీసేశాం. బజారు దగ్గరని చెల్లెలు తన సింఘాడా బస్తాలు అక్కడ దింపుకుని, లెక్క చూసుకుని, టీ తాగి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతుంది. నీళ్ళలోంచి తీసిన కాయలు కదా, బస్తాల కింద గచ్చు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తుడవమని మా ఆవిడ గొడవపెడుతుంది. నేను తుడవను.