మూడు దూది ముక్కలు

పాతబస్తీలో నేను పనిచేసిన ఆసుపత్రిలో చిన్నపిల్లలకు సెలైన్ పెట్టాలంటే నన్నే పిలిచేవారు. నరం నా చేతికి దొరికినట్టు ఇంకెవరికీ దొరకదని పేరు. డాక్టర్లు కూడా సూది నాకిచ్చి పక్కకు తప్పుకునేవారు. ఆ పేరంటే నాకు జీతం కంటే ఎక్కువ ఇష్టం.

తర్వాత చాంద్రాయణగుట్ట నుంచి ఒక కొత్త నర్సు వచ్చింది. నేను కళ్లు చికిలించి వెతికే నరాన్ని ఆ అమ్మాయి కళ్లు మూసుకుని వేలి కొసతో పట్టేసేది. నెల తిరగకముందే తల్లులు ఆమెనే అడగసాగారు. నాకు ఒళ్లు మండింది. డ్యూటీ లిస్టు రాసేది నేనే కాబట్టి ఆమెను గాయాలకు కట్లు కట్టే డ్రెస్సింగ్ రూముకు వేశాను. అన్ని పనులూ నేర్చుకోవాలి కదా అన్నాను. "గట్లనే అక్కా," అంది. ఆ గొంతులో కోపం లేకపోవడం నాకు ఇంకా చిరాకు తెప్పించింది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం, గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మే ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకొచ్చింది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. పాప కళ్లు లోతుకు పోయాయి. వెంటనే సెలైన్ ఎక్కకపోతే ప్రాణానికే ముప్పని చెప్పి డాక్టరు ఇంకో బిడ్డ దగ్గరికి పరుగెత్తాడు.

ఒకసారి పొడిచాను. దొరకలేదు. రెండోసారి దొరికి జారిపోయింది. రెండుసార్లు తప్పితే ఇంకొకరిని పిలవాలన్నది మా వార్డు కట్టుబాటు. కొత్తవాళ్లకు దాన్ని నేర్పింది కూడా నేనే. డ్రెస్సింగ్ రూము పక్కనే ఉంది. అయినా చేయి మార్చి మూడోసారి పొడిచాను. ఎడమ చేతికి రెండు దూది ముక్కలు, కుడి చేతికి ఒకటి. పాప ఏడవడం కూడా మానేసింది. అప్పుడు నాకు భయమేసింది. గుమ్మం దాకా వెళ్లి ఆ అమ్మాయిని కేకేశాను.

వచ్చింది. పాప చీలమండ దగ్గర వేలు పెట్టి కళ్లు మూసుకుంది. "అక్కా, జెర కాలు గట్టిగ పట్టుకోండ్రి." పట్టుకున్నాను. ఒక్కసారికే సూదిలోకి ఎర్రగా నెత్తురు దిగింది. సెలైన్ చుక్కలు పడసాగాయి.

"అక్క కదలకుండ పట్టింది, గందుకే దొరికింది," అని తల్లితో చెప్పింది.

ఆ తల్లి కొంగుతో మొహం తుడుచుకుని నన్నే చూసింది. "గీ సిస్టర్ పక్కనే ఉండె గదా. ముందుగాలనే ఎందుకు పిలువలే మేడం?"

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే లిస్టులో ఆమె పేరు పిల్లల వార్డుకు మార్చాను. హెడ్ నర్సు కారణమడిగితే, ఆమె చేయి నాకంటే మంచిదని చెప్పాను. అనుకున్నంత కష్టం కాలేదు.

మూడో రోజు పాప ఇంటికి బయలుదేరింది. కొత్త నర్సు చేయి చాపగానే నవ్వుతూ వెళ్లి పట్టుకుంది. నేనూ దగ్గరికి వెళ్లాను. పాప రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది.