చిన్న సిలిండరు, సలోమత్త చెయ్యి

మొన్నొక ఉదయం బోయిన్‌పల్లి మార్కెట్టులో కూరగాయలు కొనుక్కుని బయటికొస్తుంటే, గేటు పక్కన టీ బండి దగ్గర ముక్కుపుటాలకి ఆ వాసన తగిలింది. కొత్తిమీర కట్టల తడివాసన, నలిగిన టమాటాల పులుపు, మరుగుతున్న అల్లం టీ ఘాటు, వీటన్నిటి కిందనుంచి పాకుతూ వచ్చే కుళ్లిన ఉల్లిపాయ లాంటి వాసన. ఒంగి చూశాను. ఎర్రరంగు వెలిసిన చిన్న సిలిండరు, దాని నెత్తిమీదే బిగించిన బర్నరు, పైన టీ గిన్నె. "బాబూ, గ్యాస్ లీకవుతోంది" అన్నాను. అతను గ్లాసులు కడుగుతూనే, "ఏం గాదమ్మా, గట్లనే వస్తది వాసన. జెర దూరం నిలబడు" అన్నాడు. సంచీ కింద పడేసి, చెయ్యి జాపి ఆ నాబు నేనే కట్టేశాను. "ఏందమ్మా నీ పరేషాన్?" అని అతను అరిచాడు. నేను అంతకంటే గట్టిగా అరిచాను. జుట్టు నెరిసిన ఆడమనిషి నడిబజార్లో అంత గొంతు చేసుకోవడం చూసి టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకునే పక్కకు జరిగారు. ఇంటికొచ్చాక కూడా నాకు కోపం తగ్గలేదు. ఆ కోపం టీ బండివాడి మీద కాదు. అది చాలా పాతది.

మేము చిలకలగూడలో ఉండేవాళ్లం. మా తాత రైల్వేలో పనికని గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. నాన్న, సలోమత్త అక్కడే పుట్టి పెరిగారు. స్టేషన్ దగ్గర కాబట్టి మా రోజంతా రైలు కూతల మధ్య గడిచేది. ఆ ఇంటి అసలు వాసన మాత్రం కిరసనాయిలు. అమ్మ చీరకి కిరసనాయిలు, అగ్గిపెట్టెకి కిరసనాయిలు, వానాకాలంలో అన్నంలో కూడా కొంచెం కిరసనాయిలు. పంపు కొట్టే ఇత్తడి స్టవ్వు పొద్దున్నే బుస్సుమంటే మాకు తెల్లారినట్టు. డిసెంబరొస్తే ఆ స్టవ్వు మీదే బాణలి పెట్టి అమ్మా, సలోమత్తా గులాబీ పువ్వులు వేసేవాళ్లు. ఇనుప అచ్చు పిండిలో ముంచి కాగే నూనెలో దించి, సలోమత్త మణికట్టుతో చిన్న కుదుపు కుదిపితే పువ్వు అచ్చు నుంచి విడిపోయి తేలేది. అమ్మ కుదిపితే విరిగిపోయేది. "వదినా, నువ్వు పిండి కలుపు చాలు" అని అత్త నవ్వేది.

ఆ చెయ్యే చర్చిలో హార్మోనియం వాయించేది. సలోమత్త నాన్నకంటే చిన్నది, పెళ్లి చేసుకోలేదు, బళ్లో పాఠాలు చెప్పేది, మాతోనే ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని, ఎడం చేత్తో తిత్తి ఊదుతూ కుడిచేతి వేళ్లు మెట్ల మీద పరిగెత్తిస్తుంటే, పాట ఎత్తుకునే ముందు సంఘమంతా ఒక్క క్షణం ఆమె చేతికేసే చూసేది. చరణానికీ చరణానికీ మధ్య ఆమె సొంతంగా ఒక చిన్న మలుపు వేసేది. ఏ పుస్తకంలోనూ లేదది. మా చెల్లెలు రూబీ మాటలైనా సరిగ్గా రాకముందే ఆ మలుపుని కూనిరాగం తీసేది.

గ్యాస్ కనెక్షన్ కోసం పేరు రాయించి ఏళ్లు గడుస్తున్న కాలమది. ఒకరోజు నాన్న ఆఫీసు నుంచి వస్తూ ఒక చిన్న సిలిండరూ, దాని మీద బిగించే బర్నరూ తెచ్చాడు. వాకిట్లో స్టూలు మీద పెట్టి, వీధిలో పిల్లలందరినీ పిలిచి అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట గుండ్రంగా విచ్చుకోగానే అందరం చప్పట్లు కొట్టాం. పంపు అక్కర్లేదు, బర్నరు రంధ్రంలో పొడిచే పిన్ను అక్కర్లేదు, మసి లేదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి చంకలో పెట్టుకుని పోవచ్చు. నాన్న ముఖంలో ఆ రోజున్న వెలుగు నాకింకా గుర్తుంది, అందుకే ఇంకా కోపమొస్తుంది. గ్యాస్ అయిపోయినప్పుడల్లా దాన్ని స్టేషన్ వెనక సందులో ఒక కొట్టుకి తీసుకెళ్లేవాడు. అక్కడ పెద్ద సిలిండరులోంచి చిన్నదాంట్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. అలా ఎక్కించడం తప్పని నాన్నకి తెలుసు. అయినా వీధిలో అందరూ చేసేదే కదా అనేవాడు.

ముందు వాసన పట్టింది పక్కింటి యాదమ్మ. గోడ మీంచి తొంగిచూసి, "ఏందమ్మా, గిట్ల కంపొస్తున్నది? ఎలుక గిట్ల సచ్చిందా?" అని అడిగింది. అమ్మ ఇల్లంతా వెతికింది. సలోమత్త మాత్రం నేరుగా స్టవ్వు దగ్గరికెళ్లి, బట్టల సబ్బు నీళ్లలో నురగొచ్చేలా కలిపి, బర్నరు బిగించే చోట చుట్టూ పూసింది. నురగలోంచి ఒక బుడగ లేచి, ఉబ్బి, పగిలింది. దాని వెనకే ఇంకొకటి.

"అన్నయ్యా, ఇదిగో చూడు. లోపల వాషరు అరిగిపోయింది. మార్పించేదాకా వాడొద్దు."

నాన్న పేపరు దించి చూశాడు. "సబ్బుకి బుడగలు రాకపోతే పువ్వులొస్తాయా?" అన్నాడు. మేం పిల్లలం పగలబడి నవ్వాం. "మీ ఆడాళ్లకి కొత్తదేది తెచ్చినా భయమే. ఊరికే పరేషాన్ అవకండి" అని మళ్లీ పేపరెత్తుకున్నాడు.

రిపబ్లిక్ డే సెలవుకి ఏటా మా చర్చి కుటుంబాలు బొల్లారం అవతల బండల దగ్గరికి పిక్నిక్ వెళ్లేవి. ఆ బండలంటే మాకు ప్రాణం. ఏనుగులు పడుకున్నట్టుండే నున్నటి రాళ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, చలికాలపు ఎండకి వెచ్చబడ్డ రాయి మీద బోర్లా పడుకుంటే కడుపులోకి దిగే ఆ వేడి, జారుడుబండ మీద జారి చిరిగిన గౌన్లు, అమ్మల తిట్లు. మగవాళ్లు మూడు రాళ్లు పెట్టి చితుకులు ఏరి పలావు వండేవాళ్లు. పొగకి కళ్లు మండుతుంటే పాటలు పాడేవాళ్లు. ఆ ఏడు నాన్న చితుకులు ఏరనివ్వలేదు. "ఈ కాలంలో ఇంకా పొగేంటి?" అని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన తన స్టవ్వు బయటికి తీశాడు. వాషరు మార్పించలేదు. అత్త అడిగితే వినబడనట్టు ఊరుకున్నాడు.

గాలి ఎక్కువగా ఉండటంతో మంట నిలవలేదు. నాన్న ఒక పెద్ద బండ వార గూడులా ఉన్నచోట స్టవ్వు పెట్టి, మూడోవైపు కూడా పలకరాళ్లు పేర్చి, తను వంట చేసే వైపు తప్ప గాలి దూరకుండా మూసేశాడు. ఆ చిన్న బర్నరు మీద పలావు డేగిసా ఎక్కించాడు. డేగిసా అంచులు సిలిండరు కంటే ఎంతో వెడల్పు. మంట పైకి పోలేక కిందికి తిరుగుతోందని సలోమత్త అంది. "నువ్వెళ్లి పాటలు చూసుకోవే" అన్నాడు నాన్న. రూబీ ఆడుకుంటూ ఆ గూడులోనే, పలకరాళ్ల వెనక, బండకి ఆనుకుని గులకరాళ్లు పేర్చుకుంటోంది. చలికి అక్కడ వెచ్చగా ఉంది మరి.

టప్పుమని చప్పుడైంది. బర్నరు మీదుండాల్సిన మంట సిలిండరు మెడ చుట్టూ అంటుకుంది. నీలంగా కాదు, పసుపుగా, నాలుకలు చాపుతూ. "పరిగెత్తండి!" అని నాన్న అరిచాడు. అరిచి, అందరికంటే ముందు తనే పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూసేసరికి రూబీ గూడులోనే ఉంది. బయటికి రావాలంటే మంట పక్కనుంచే రావాలి. అది నోరు తెరిచింది గానీ ఏడుపు రావడం లేదు. అమ్మ కేక వినబడింది. సలోమత్త అప్పటికే మంట ముందు మోకాళ్ల మీద ఉంది. కుడిచెయ్యి మంటలో పెట్టి నాబు పట్టుకుంది. అది తిరగలేదు. పళ్లు బిగించి ఇంకా గట్టిగా తిప్పింది. మంట ఆరిపోయింది. అప్పుడు రూబీ ఏడ్చింది. సలోమత్త ఏడవలేదు, తన చేతిని తన ముందు పట్టుకుని అది వేరెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

పెద్దాసుపత్రిలో చాలాకాలం కట్లు కట్టారు. ప్రాణాపాయం లేదన్నారు. చర్మం మానేకొద్దీ వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. అమ్మ కొబ్బరినూనె రాసి, ఒక్కో వేలూ విప్పదీస్తూ, మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చేది.

ఆ కట్లు ఇంకా విప్పకముందే ఒక ఆదివారం నాన్న చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు చేసిన మేలుని సంఘం ముందు చెప్పుకోవడం మాలో ఆచారం. నాన్న గొంతు మంచిది. "సాతాను పన్నిన ఉరిలోంచి ప్రభువు నా బిడ్డను తప్పించాడు. ఒక్క వెంట్రుక కాలలేదు. మా చెల్లెలు తొందరపాటుతో చెయ్యి పెట్టి కాల్చుకుంది గానీ, ఆమెను కూడా ప్రాణాలతో కాపాడాడు" అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది.

తొందరపాటు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు.

ఆడవాళ్ల వైపు చాప మీంచి సలోమత్త లేచింది. "నేనూ సాక్ష్యం చెప్తాను" అంది. పాస్టరుగారు తల ఊపారు.

"స్టవ్వు లీకవుతోందని ముందే చెప్పాను. నురగ పెట్టి చూపించాను. అన్నయ్య వినలేదు. మంట లేచాక అన్నయ్య పరిగెత్తాడు, పాప ఉండిపోయింది. దేవుడు కాపాడాడన్నది నిజమే. ఏ చేత్తో కాపాడాడో అది కూడా చెప్పాలి కదా. నాది తొందరపాటు కాదు. ఆలస్యమైతే పాప ఉండేది కాదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. కూటం అయ్యాక పెద్దలు నాన్న చుట్టూ చేరి భుజం తట్టారు. దేవుని మందిరంలో అన్నని అవమానించిందని ఆమె గురించి అన్నారు. ఆమెను ఒక్కరూ పలకరించలేదు. అమ్మ తప్ప. అమ్మ రూబీని చంకనేసుకుని వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఆ మధ్యాహ్నమే స్టవ్వుని వాకిట్లో పడేసి, "ఇది ఇంట్లో ఉంటే నేనుండను" అంది. నాన్న దాన్ని పారేయలేదు. వాషరు సంగతి చెప్పకుండా ఆఫీసులో ఎవరికో ఇచ్చేశాడు. ఆ మనిషికి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఇప్పటికీ భయం.

సలోమత్త బన్సీలాల్‌పేట్‌లో ఒక గది తీసుకుని వెళ్లిపోయింది. ఎడంచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకుని పాఠాలు చెప్పింది. చర్చిలో హార్మోనియం ఇంకొకరు వాయించారు, తర్వాత కీబోర్డు వచ్చింది. నాన్న ఆమె గుమ్మం తొక్కలేదు. బంధువుల పెళ్లిళ్లలో మాత్రం ఆ పిక్నిక్ కథ చెబుతూనే ఉన్నాడు. చెప్పే కొద్దీ మంట పెద్దదైంది, దేవుడు పెద్దవాడయ్యాడు, అత్త చిన్నదైపోయి చివరికి కథలోంచే మాయమైంది. మేం వింటూ కూర్చున్నాం. రూబీ కూడా.

నాన్న పోయినప్పుడు సలోమత్త వచ్చింది. శవపెట్టె పక్కన నిలబడి, ముడుచుకున్న ఆ వేళ్లతోనే ఆయన నుదురు నిమిరింది. ఏమైనా చెప్పమని పాస్టరుగారు అడిగితే, "నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా అన్నయ్య మోండా మార్కెట్ నుంచి నడుచుకుంటూ భుజం మీద హార్మోనియం మోసుకొచ్చాడు. నీకోసమే సలోమీ అన్నాడు. భుజం కమిలిపోయింది" అంది. అంతే చెప్పింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. తిరిగొచ్చే దారిలో నేను ఉండబట్టలేక, "ఎలా క్షమించావత్తా?" అని అడిగాను. "క్షమించానని నేనెక్కడన్నానే?" అంది. "అది కూడా జరిగింది, ఇది కూడా జరిగింది. రెండూ చెప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను."

ఇప్పుడామె కూడా లేదు. బొల్లారం అవతల బండల్ని పేల్చేసి, కంకర కొట్టి, ఆ చోటే అపార్టుమెంట్లు కట్టారు. జారుడుబండ ఏ స్తంభంలో ఉందో తెలియదు. ఆదివారాలు చర్చిలో ఆ పాటలే పాడతారు, చరణాల మధ్య అత్త వేసే మలుపు మాత్రం ఎవరికీ రాదు. రూబీని అడిగాను, దానికీ గుర్తు లేదు. వెళ్లిపోయినవాళ్ల తప్పులు తవ్వకూడదంటారు. నాన్న దుర్మార్గుడు కాదు, మమ్మల్ని ప్రేమించాడు, అదీ నిజమే. కానీ ఆయనకి ఎన్నో ఏళ్ల టైముంది. చిలకలగూడ నుంచి బన్సీలాల్‌పేట్ ఎంత దూరమని? వెళ్లి గుమ్మంలో నిలబడి, "తప్పు నాదే సలోమీ" అంటే చాలు. ఆ మాట కోసం ఆమె ఎదురుచూసిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఎదురుచూశాను.