రాసుకోవద్దన్న మనిషి

న్యాయశాస్త్రంలో పరిశోధన కోసం నేను సూరత్ వెళ్లేసరికి మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి ఆరేడు నెలలైంది. మరమగ్గాల మీద బతికే మన తెలంగాణవాళ్లకు చట్టం మీద ఎంత నమ్మకముందో తెలుసుకోవాలి. నా దగ్గర నలభై ప్రశ్నల జాబితా ఉంది. అంతకన్నా ముందు, మాట్లాడటం తమకిష్టమేనని వాళ్లు సంతకం చేయాల్సిన కాగితం ఒకటి ఉంది.

మొదట కలిసినాయనకు యాభై దాటాయి. భార్య లేదు. చీరలకు లేసులు కుట్టే కూతురితో ఒక్క గదిలో ఉంటాడు. సంతకం మాట ఎత్తగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఊరికి బండ్లు ఎప్పుడు వదులుతారో అడుగుదామని లాక్‌డౌన్‌లో రోడ్డెక్కిన గుంపులో ఆయనా ఉన్నాడట. పోలీసులు పట్టుకుపోయి, గుజరాతీలో ఉన్న కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తామన్నారట. పెట్టాడు. తర్వాత సమన్లు వచ్చాయి. ఇక్కడి బడిలోనే చదువుకున్న కూతురు ఆ కాగితం నకలు తెచ్చి చదివింది. తానే రాళ్లు విసిరానని ఒప్పుకున్నట్టు అందులో ఉంది.

"రాయి ముట్టలే బిడ్డా. నువ్వు అడుగు, చెప్త. జర రాసుకోకు," అన్నాడు.

చట్టం మీద నమ్మకముందా అని ఆయన్ను అడగడానికి నాకు నోరు రాలేదు. వాయిదా ఎప్పుడని అడిగి, వెంట వస్తానన్నాను. మూడు వాయిదాలకు వెళ్లాను. కోర్టు వరండాలో ఆయన పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఒంటికి పోయినప్పుడు పేరు పిలుస్తారేమోనని భయం. పిలిచాక రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు, ఇంకో తేదీ ఇచ్చేవారు. ఇదేదీ నా నలభై ప్రశ్నల్లో లేదు.

నోటిమాటగా ఒప్పుకున్నట్టు రికార్డు చేసుకుంటే చాలని మా ప్రొఫెసర్ ఫోన్లో సలహా ఇచ్చారు. ఆ పెద్దాయన్ను నేను అదీ అడగలేదు. నా థీసిస్‌లో ఆయన మాట ఒక్కటీ లేదు.

రెండో వేవ్‌లో, ఆసుపత్రిలో చేరిన ఐదో రోజున ఆయన పోయాడు. చివరిచూపు కూతురికి కూడా దక్కలేదు.

కోర్టులు తెరిచాక మరణ ధ్రువపత్రం పట్టుకుని ఆమెతో వెళ్లాను. ముద్దాయి చనిపోయాడు గనక కేసు మూసేస్తారని కిటికీ అవతలి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

ఆమె నావైపు తిరిగింది. "మా నాయిన రాయి కొట్టలేదని ఎక్కడ రాస్తరక్కా?"

"రాయరమ్మా," అన్నాను.

ఆమె కాసేపు ఆ కిటికీ ముందే నిలబడింది. వెనక జనం జరగమన్నాక ఇద్దరం మెట్లు దిగాం.