తడి తగిలేదాకా

బావులాయనంత మొండివాడు ఆ వీధిలోనే కాదు, పక్క వీధిలోనూ లేడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బావులు తవ్వే పనిలో ఆయనకున్న నియమం ఒక్కటే: తడి తగిలేదాకా పైకి రాడు. పైన గిలక దగ్గర మట్టి తట్టలు లాగేది భార్య. అన్నానికి రమ్మని ఆమె ఎన్నిసార్లు పిలిచినా కింది నుంచి ఒకటే జవాబు: "తడి తగల్లేదే ఇంకా."

అలా తవ్విన మొదటి బావి సొంత పెరట్లోనే ఉంది. "బిందె పట్టుకుని నువ్వు ఇంకో గడప తొక్కనక్కర్లేదు" అని పెళ్లయిన కొత్తలో ఆమెకు మాటిచ్చి మరీ తవ్వాడు. ఆ మాట చాలా ఏళ్లు నిలబడింది. తర్వాత వానలకే తిక్క పుట్టింది. నెలంతా కురవాల్సింది ఒక్క పూటలో కుమ్మరించి, కాలువలో పడి పోవడం, ఆ పైన నెలల తరబడి ఎండలు. ఇప్పుడు బావి అడుగున నెర్రెలు తప్ప ఏమీ లేవు. ఆమె మోకాళ్ల నొప్పులతో వీధిలోకొచ్చే నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడుతోంది.

"డాబా మీది వాన నీళ్లు గొట్టం వేసి బావిలోకి దింపుదాం. అందరూ అదే చేస్తున్నారు" అందామె.

"బావి మనకివ్వాలిగానీ, మనం బావికి పోయడమేంటే? దానికేం రోగమొచ్చిందని?"

"రోగమేం లేదు. ప్రాణమే లేదు."

ఆయన మూతి ముడుచుకుని రెండు పూటలు మాట్లాడలేదు. ఆమెకు ఆ రెండు పూటలూ హాయిగానే గడిచాయి.

బావులు తవ్వించేవాళ్లు కరువై, ముక్కుతూ మూలుగుతూ ఒక మేడ ఇంట్లో ఇంకుడు గుంత తవ్వడానికి ఒప్పుకున్నాడు. వాన నీళ్లు నేలలోకి ఇంకడానికి నిలువెత్తు లోతు చాలని చెప్పి ఇంటాయన బయటికి వెళ్లాడు. సాయంత్రం వచ్చి తొంగి చూస్తే పాతాళంలో గునపం చప్పుడు వినిపిస్తోంది. పైన తాడు లాగుతున్న భార్య నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

"పెద్దాయనా, ఇది నీళ్లు తోడే గొయ్యి కాదు, పోసే గొయ్యి" అన్నాడు ఇంటాయన.

"తడి తగల్లేదండీ ఇంకా."

"నేనూ చెప్పానండీ. వింటేగా" అందామె.

పైకి రాక తప్పలేదు. పొడి కాళ్లతో పైకి రావడం ఆయనకు అదే మొదటిసారి. దారి పొడుగునా ఆమె వెక్కిరిస్తూనే ఉంది. ఇంటికి రాగానే గునపంతో పెరటి బావిలోకి దిగాడు. ఎక్కడ పొడిచినా దుమ్మే. ఆయనకు నిజంగా భయమేసింది. పైన ఆమె తట్టను ఒక్క ఊపున లాగలేక మధ్యమధ్యలో ఆగుతోంది. తను మాటిచ్చిన మనిషి చేతే ఈ వయసులో బిందెలు మోయిస్తున్నానని సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఏమే, ఆ గొట్టం ఎంత పొడవు కావాలంటావు?"

"కొని మంచం కింద పెట్టి చాలా రోజులైంది. పైకి రా."

గొట్టం బిగించారు. బావి నోటి దగ్గర నీళ్లు వడకట్టడానికి ఇసుక, కంకర నింపిన తొట్టి పెట్టారు. వాన ఎప్పటిలాగే చెప్పాపెట్టకుండా మీద పడింది, కానీ ఈసారి కాలువలోకి పోలేదు. అలాంటివి నాలుగైదు పడ్డాక ఒక ఉదయం ఆయన బావిలోకి దిగాడు. ఆమె తాడు పట్టుకుని పైన నిలబడింది.

"తగిలిందా?" అని ఆమె వంగి అడిగింది.

"చీలమండల దాకా" అన్నాడు.

"అయితే పైకి రావయ్యా. నియమం నీదేగా."

"కాసేపు ఉండనీయవే."

ఆమె తాడును గిలకకు కట్టేసి బావి గట్టు మీద కూర్చుంది. వీధిలో ట్యాంకరు హారన్ మోగింది. ఆమె లేవలేదు.