సాక్ష్యం చెప్పాక మాత్ర వేసుకోకూడదంట!

ఫిలిప్ వాళ్ళింట్లో మాత్ర వేసుకోని మనిషి లేడు. నాన్న లాజరు థర్మల్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి బయల్దేరే ముందు ఇడ్లీ తిని బీపీ బిళ్ళ మింగుతాడు. అమ్మ హెలెన్ లేవగానే, కాఫీ కూడా ముట్టకుండా థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. కొండపల్లిలో వాళ్ళు వెళ్ళే చిన్న చర్చికి పాస్టరు జాన్ పాల్ అయ్యగారు. ఆయనైతే షుగరు బిళ్ళ వేసుకుని, రెండు బిస్కెట్లు నమిలాకే మైకు పట్టుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. అనడానికేముంది? జబ్బొచ్చింది, మందేసుకున్నారు.

ఫిలిప్ మాత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది.

ఇరవై రెండేళ్ళ కుర్రాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి ఆటోనగర్లో మునీర్ భాయ్ షాపులో చేరాడు. లారీల వెనక లైటు పడితే మెరిసే రేడియం అక్షరాలుంటాయే, అవి కోసే పని. మిషనుంది గానీ తెలుగు అక్షరాల వంపులు మిషను పాడుచేస్తుందని బ్లేడుతో చేత్తోనే కోస్తాడు. డ్రైవర్లు “మా పాప పేరు నువ్వే కొయ్యి తమ్ముడూ” అని వెయిట్ చేసి మరీ కోయించుకునేవాళ్ళు. పైగా కబుర్లపోగు. వాడుంటే షాపులో రేడియో అక్కర్లేదు.

అలాంటోడు పోయిన వానాకాలం నుంచి నోరు మూసేశాడు. ఏమైందిరా అంటే ఏమీ కాలేదు. ఎవరికీ మింగుడుపడనిది అదే! లవ్ ఫెయిల్యూరా అన్నారు, ఎవరన్నా చేతబడి చేయించారా అని కూడా అన్నారు. ఏమీ లేదు మొర్రో! లేస్తే ఒంటి మీద తడి గోనెసంచి కప్పినట్టుండేది. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి. బస్సు దిగాల్సిన చోటు దాటిపోతున్నా లేవబుద్ధయ్యేది కాదు. ఒకరోజు “నేను లేకపోతే వీళ్ళందరికీ హాయేమో” అనిపించింది. ఆ ఆలోచన చూసి వాడే హడలిపోయాడు.

ఆ మాట మునీర్ భాయ్ దగ్గరే బయటపెట్టాడు. ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టేసి అన్నాడు.

“అరే ఫిలిప్, లారీ స్టార్టవ్వకపోతే ఏం చేస్తాం? దాని ముందు నిలబడి, మనసు గట్టి చేసుకోవే లారీ అంటామా?”

“అనం భాయ్.”

“మరి? మెకానిక్ దగ్గరికి నడు.”

షట్టరు దించేసి తన బండి మీదే సూర్యారావుపేటలో డాక్టర్ షాహీదా గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఓపిగ్గా అంతా విన్నారు. “ఇది డిప్రెషన్ బాబూ. మాత్ర వేసుకోవడం, మానడం నీ ఇష్టం. ముందు మాట్లాడుకుని చూద్దాం అన్నా సరే. కానీ చావు దాకా ఆలోచన పోయింది కాబట్టి రెండూ చేద్దామంటాను. మాత్ర పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు కడుపులో తిప్పుతుంది. నీ వయసు వాళ్ళకి మొదట్లో ఒక్కోసారి మనసు ఇంకా అల్లాడుతుంది, అలా అయితే వెంటనే ఫోన్ చెయ్యి. బాగైంది కదా అని నీ అంతట నువ్వు ఆపకు. తగ్గించాల్సినప్పుడు నేనే మెల్లగా తగ్గిస్తా.”

“జీవితాంతం వెయ్యాలాండీ?”

“చాలామందికి అక్కర్లేదు.”

“మత్తుగా పడుంటానా?”

“పడుంటే మందు మారుస్తా. నువ్వు మళ్ళీ నీలా ఉండటానికే కదా ఇది.”

ఇంత స్పష్టంగా చెప్పారా, ఇంటికొచ్చి ఆ మాట ఎత్తగానే హెలెన్ నెత్తీ నోరూ కొట్టుకుంది.

“పిచ్చి మాత్రలా! మా వైపు గానీ మీ నాన్న వైపు గానీ ఎవరికన్నా ఉందా?”

“నువ్వు థైరాయిడ్‌కి వేసుకోట్లేదామ్మా?”

“అది గొంతులో ఉందిరా! నీది మనసులో. మనసు దేవుడిది.”

లాజరు పేపర్లోంచి తలెత్తకుండా “పనిలేక వచ్చే జబ్బులివి” అన్నాడు. పనిలేకనా? పొద్దున వెళ్ళి పొద్దుగూకాక వచ్చే పిల్లాణ్ణి పట్టుకుని!

మాత్రల స్ట్రిప్ జేబులో పెట్టుకుని తిరిగాడు ఫిలిప్. తియ్యడం, చూడ్డం, మళ్ళీ పెట్టుకోవడం. వేస్తే నిజంగానే పిచ్చోణ్ణని ఒప్పుకున్నట్టా? వెయ్యకపోతే ఆ తడి గోనెసంచి కిందే బతకాలా? చివరికి ఒక పొద్దున ఇబ్రహీంపట్నం దాటాక బస్సులో, పక్క సీటాయన నిద్రపోతుంటే, దొంగతనం చేస్తున్నట్టు వేసుకున్నాడు. చూడండి ఎంత ఘోరమో. మందు వేసుకోడానికి దొంగలా!

డాక్టర్ గారు అన్నట్టే ముందు కడుపులో తిప్పింది. చాన్నాళ్ళు ఏ తేడా లేదు. తర్వాతెప్పుడో గొల్లపూడి దగ్గర బస్సు ఆగితే పునుగుల వాసనకి ఆకలేసింది. ఉత్త ఆకలి. వాడికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. షాపులో ఎవరిదో లారీ మీద పేరు కోస్తూ జోకేశాడు. మునీర్ భాయ్ వీధిలోకెళ్ళి “బండి స్టార్టయిందిరోయ్” అని అరిచాడు.

హెలెన్ అన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేస్తూనే ఉంది. అందులో అబద్ధం లేదు, కొడుకంటే ప్రాణం. వాడు గోంగూరతో రెండోసారి అన్నం అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మాత్రలు వేసుకుంటున్నానని వాడు చెప్పాడు కూడా. వింటేగా! “ప్రార్థనకే తగ్గింది. ఇంక అవెందుకు?” అంది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలప్పుడు, అంటే దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునేటప్పుడు, లేచి మైకు తీసుకుంది.

“నా బిడ్డకి డాక్టర్లు పిచ్చి మాత్రలిచ్చారు. వాటిని పారేశాం. ఉపవాస ప్రార్థనతో ప్రభువు పూర్తిగా స్వస్థపరిచాడు!”

హల్లెలూయాలతో రేకుల షెడ్డు అదిరిపోయింది. చాప మీద కూర్చున్న ఫిలిప్ జేబులో స్ట్రిప్ ఉంది. తల దించుకున్నాడు, అంతే.

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఒకసారి సాక్ష్యం చెప్పారంటే అది ఇక ఆ మనిషిది కాదు, సంఘం మొత్తానిది. అయ్యగారు వేరే ఊళ్ళో మీటింగులకెళ్ళినా చెబుతారు. స్వస్థత అయిందన్న మనిషి మళ్ళీ మందుతో కనిపిస్తే “సాక్ష్యం పోగొట్టుకున్నాడు” అంటారు, సాక్ష్యం చెప్పినవాళ్ళ పరువూ పోతుంది. దాంతో వీడు ఆపేశాడు. అమ్మ మాట నిలబెట్టడానికి! డాక్టర్ గారికి ఒక్క ముక్క చెప్పలేదు.

తల తిప్పితే బుర్రలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. కొన్నాళ్ళకి గోనెసంచి మళ్ళీ మీదకొచ్చింది. బ్లేడు జారి పేర్లు పాడవుతుంటే మునీర్ భాయ్ నిలదీశాడు. విషయం విని తల పట్టుకున్నాడు.

“చాటుగా వేసుకోరా బాబూ, ఎవడు చూడొచ్చాడు?”

అదీ నిజమే అనుకున్నాడు ఫిలిప్. అమ్మ పరువు ఉంటుంది, వాడి ప్రాణం ఉంటుంది. అదే ఖాయం చేసుకుని సాయంత్రం బస్సెక్కితే, వాళ్ళ చర్చికే వచ్చే వెంకటరత్నమ్మ పిన్ని ఎదురైంది. వీణ్ణి చూడగానే మొహం వెలిగిపోయింది.

“వందనాలు అబ్బాయ్! మీ అమ్మ సాక్ష్యం విన్నాక నా కళ్ళు తెరుచుకున్నాయి. మా అమ్మాయి కెజియాకీ అట్టాంటి మాత్రలే ఇచ్చార్లే, డిగ్రీ పరీక్షలప్పట్నుంచి. నీలాగే తగ్గుద్దని అన్నీ తీసుకెళ్ళి బుడమేరులో పారేశా.”

ఫిలిప్ గబుక్కున అడిగాడు. “కెజియా ఎలా ఉంది పిన్నీ?”

“ఏముందీ, తలుపేసుకుని పడుకుంటోంది. పరీక్ష ఇది, విశ్వాసానికి.”

“పిన్నీ, నాకు మాత్రలతోనే తగ్గింది. అమ్మ చెప్పింది తప్పు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.”

“అంటే దేవుడి సన్నిధిలో మీ అమ్మ అబద్ధమాడిందా?” ఆవిడ మొహం ముడుచుకుపోయింది. “మైకులో చెప్పిన మాట నమ్మనా, బస్సులో గొణిగిన మాట నమ్మనా?”

ఎన్ని చెప్పినా వినలేదు. బస్సు దిగాడు ఫిలిప్. చాన్నాళ్ళకి వాడికి కోపమొచ్చింది, పిడికిలి బిగుసుకునేంత కోపం. తన ఒక్కడి సంగతైతే చాటుగా నడిపేవాడు. తన పేరు చెప్పి ఇంకో పిల్లని చీకట్లోకి తోస్తున్నారే! మైకులో మాటే నమ్ముతారా? సరే, మైకులోనే చెబుతా.

మర్నాడే ఆదివారం. సాక్ష్యాలున్నవాళ్ళు రావచ్చనగానే లేచాడు. హెలెన్ మురిసిపోయింది, కొడుకే చెబుతున్నాడని.

“అందరికీ వందనాలు. నేను మాత్రలు పారెయ్యలేదు. వాటితోనే కోలుకున్నాను. ఆపేశాక మళ్ళీ జబ్బు తిరగబెట్టింది.”

అయ్యగారు కీబోర్డు దగ్గరున్న కిరీటి వైపు చూశారు. సాక్ష్యం దారి తప్పిందనిపిస్తే పాట ఎత్తడం అక్కడ అలవాటు. కిరీటి మెట్లు నొక్కాడు, ఎవరో మైకు ఆపేశారు, నలుగురు చప్పట్లందుకున్నారు. ఫిలిప్ మైకు చాప మీద పెట్టేసి గొంతు చించుకున్నాడు.

“పాట తర్వాత పాడుకుందాం! ప్రార్థన మానమని నేను అన్నానా? మాత్ర మానమని మీరెలా అంటారు? నేను మళ్ళీ వేసుకుంటాను, అందరికీ తెలిసేలా వేసుకుంటాను. కెజియా, నువ్వు కూడా ఆపొద్దు!”

ఆడవాళ్ళ వైపు వెనక వరసలో గోడకానుకుని కూర్చున్న పిల్ల తలెత్తింది. కళ్ళు ఉబ్బిపోయున్నాయి. లేచి, గట్టిగా కూడా కాదు, “అమ్మా, నాకు భయమేస్తోంది. డాక్టరు దగ్గరికెళ్దాం” అంది. కిరీటి కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు.

బయట వేపచెట్టు కింద హెలెన్ కొడుకు చొక్కా పట్టుకుంది. “నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు కదరా!”

“నీ ప్రేమ అబద్ధం కాదమ్మా. నువ్వు చెప్పింది అబద్ధం.”

ఆవిడ చొక్కా వదిలేసి లాజరుతో వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

వెంకటరత్నమ్మ మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని ఫిలిప్ దగ్గరికొచ్చింది. “పారేశాను కదరా, ఇప్పుడేం చెయ్యను?”

ఫిలిప్ డాక్టర్ షాహీదా గారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. ఇద్దరి సంగతీ చెప్పాడు. ఆవిడ కెజియాతోనే మాట్లాడి, తిండీ నిద్రా గురించి, చావు ఆలోచనల గురించి తిన్నగా అడిగారు. పిల్లని ఒంటరిగా వదలొద్దనీ, ఇద్దర్నీ ఈ సాయంత్రమే తీసుకురమ్మనీ చెప్పారు. ఆదివారమైనా సరే, చూస్తానన్నారు.

తర్వాత అడిగారు, గొంతులో కోపం దాచుకోకుండా.

“ఇంతకీ ఆపమని మీ ఇద్దరికీ ఎవరు చెప్పారమ్మా?”

చర్చి ముందు చెప్పులేసుకుంటున్న జనమంతా విన్నారు. గుమ్మంలో అయ్యగారు కూడా విన్నారు.