కరకట్ట మీద ఇద్దరు సిబ్రెన్‌లు

లేవార్డెన్ సంతలో నిలబడి "డైక్‌స్ట్రా" అని పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. వాళ్లలో నాకు చుట్టం ఒక్కరూ ఉండకపోవచ్చు. ఫ్రీస్‌లాండ్‌లో సముద్రాన్ని ఆపే కరకట్ట ఎక్కడ ఉంటే అక్కడ డైక్‌స్ట్రాలు ఉంటారు. కట్ట దగ్గరివాళ్లు అని దానర్థం, అంతకంటే గొప్పేం లేదు. మిగతా కట్టలవాళ్లు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలియదు. మా కట్ట మీద పదకొండు ఇళ్లూ ఒకే పేరు పెట్టుకోవడానికి కారణం మాత్రం ఒక మనిషి అనుమానం. ఆవిడ పేరు హిస్కె. నేను ఆవిడ కొడుకు వంశంలో పుట్టినదాన్ని. మా ఇంట్లో అందరూ ఆవిడ తెలివి గురించి గొప్పగా చెప్పుకుంటారు. నాకు ఆ గొప్ప ఎప్పుడూ మింగుడుపడలేదు.

హిస్కె చిన్న వయసులోనే విధవరాలైంది. భర్త గోస్సె కట్ట తెగిన ఏడాది వరదలో పోయాడు. నాలుగు ఆవులు, కాసిని గొర్రెలు, సిబ్రెన్ అనే ఒక్కగానొక్క కొడుకు మిగిలారు. ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు. వెన్న అమ్మితే బేరగాడి తక్కెడలో ఒకసారి, తన తక్కెడలో మరోసారి తూచేది. పాస్టరు నవ్వుతూ పలకరిస్తే ఇంటికి రాగానే కోళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకునేది.

1811లో ఫ్రెంచి చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. ఇంటిపేరు లేనివాళ్లంతా ఊళ్లోకి వచ్చి ఒకటి రాయించుకోవాలట. అంతవరకూ మా కట్టవాళ్లకు తండ్రి పేరే సరిపోయేది. హిస్కె కొడుకు సిబ్రెన్ గోస్సెస్, అంటే గోస్సె కొడుకు సిబ్రెన్. మూడో ఇంట్లో లొల్లె, బౌకె దంపతుల కొడుకు కూడా సిబ్రెనే, అదే ఏడు పుట్టినవాడే. వాడు సిబ్రెన్ లొల్లెస్. ఇద్దరూ ఒకే పడవలో మలుగు చేపలు పట్టేవాళ్లు. తండ్రి పేరు కలిపి పిలిచేవాళ్లు కాబట్టి, ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడు పలికిన రోజు లేదు.

ఆజ్ఞ సంగతి తెలియగానే హిస్కె బౌకె వంటింట్లో చేరింది. చక్రవర్తి సరుకుల ఓడల్ని ఆపేయడంతో కాఫీ దొరకడం మానేసి చాలా రోజులైంది, ఇద్దరూ మాడ్చిన చికోరీ వేరు నీళ్లే తాగుతున్నారు.

"కాఫీ గింజ కూడా మన నోటికి అందనివ్వని మహానుభావుడు పేరు ఊరికే ఇస్తాడటే?" అంది హిస్కె. "పేరుతో పాటు పిల్లల వయసులు కూడా రాసుకుంటున్నారు. వాళ్లక్కావల్సింది పేర్లు కాదు, మన పిల్లలు."

ఇందులో మాత్రం ఆవిడ అనుమానం అక్షరాలా నిజం. చక్రవర్తికి సైనికులు చాలడం లేదు.

ఆవిడ వేసిన ఎత్తు ఇది. మందలో ఒక్క గొర్రెకే రంగు పూస్తే కసాయి కంటికి అదే ఆనుతుంది, అన్నిటికీ ఒకటే పూస్తే వాడే తికమకపడతాడు. కాబట్టి కట్ట మీద అందరూ ఒకే పేరు రాయించాలి. ఇల్లిల్లూ తిరిగి ఈ మాటే చెప్పింది. లొల్లె ఒక్కడే అడ్డం తిరిగాడు. తన తాత ముత్తాతలు చేపలు పట్టి బతికారు, తనకు విస్సర్, అంటే చేపలవాడు, అనే పేరే కావాలన్నాడు.

"పెట్టుకో," అంది హిస్కె. "కట్ట మొత్తానికి విస్సర్‌వి నువ్వొక్కడివే. కళ్లకు గంతలు కట్టినా నేరుగా నీ గుమ్మంలోకే వస్తారు."

లొల్లె మూడు రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. చివరికి బౌకెయే మొగుణ్ణి ఒప్పించింది.

ఆ శీతాకాలం ఒక పొద్దున పదకొండు ఇళ్ల పెద్దలూ ఊళ్లోకి నడిచారు. ఒకరి తర్వాత ఒకరు డైక్‌స్ట్రా అంటుంటే నాలుగోవాడి దగ్గర గుమాస్తా కలం ఆగింది. మీరంతా ఒకే కుటుంబమా అని అడిగాడు. కాదండీ, ఒకే కట్ట, అంది హిస్కె. ఈ జవాబు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

తర్వాతి వసంతంలో ఇరవై ఏళ్లవాళ్లకు సైన్యం చీటీలు తీశారు. హిస్కె మాట విని సిబ్రెన్‌లు ఇద్దరూ వెళ్లలేదు. వెళ్లకపోతే ఏమవుతుంది, రానివాళ్ల తరఫున గుమాస్తాయే తీశాడు. చిన్న అంకె వస్తే వెళ్లాలి, పెద్దదొస్తే ఇంట్లో ఉండొచ్చు. ఒక సిబ్రెన్‌కు చిన్నది వచ్చింది, ఇంకో సిబ్రెన్‌కు పెద్దది. ఎవరికి ఏది? ఇప్పుడిక తండ్రి పేర్లు అక్కర్లేదు కదా, జాబితాలో రెండు చోట్లా ఒకటే రాసి ఉంది: సిబ్రెన్ డైక్‌స్ట్రా, ఇరవై ఏళ్లు, కరకట్ట.

వారం తిరక్కుండా ఇద్దరు గుర్రపు పోలీసులు వచ్చారు. మావాళ్లు చెప్పే కథలో పోలీసులు తమంతట తామే మూడో ఇంటికి వెళ్లి లొల్లె కొడుకును పట్టుకుపోయారు. నేను నమ్మను. కట్ట మీద మొదటి ఇల్లు మాది. కొత్తగా వచ్చినవాడెవడైనా మొదటి ఇంట్లో అడక్కుండా మూడో ఇంటికి పోడు. బౌకె కూతుళ్ల తరఫువాళ్లు చెప్పేదే నాకు నిజమనిపిస్తుంది. హిస్కె గుమ్మంలోకి వచ్చి, నోరు విప్పకుండా, చెయ్యి చాచి మూడో ఇల్లు చూపించింది. ఆ సమయంలో ఆవిడ కొడుకు వెనక కొట్టంలో పాలు పితుకుతున్నాడు.

లొల్లె కొడుకును రష్యా వైపు నడిపించారు. ఉత్తరం రాలేదు. మరుసటి ఏడు చక్రవర్తి సైన్యం మా నేల వదిలిపోయింది, దుకాణాల్లోకి కాఫీ తిరిగొచ్చింది, వాడు రాలేదు. లొల్లె ఓడ దిగే సైనికుల్లో కొడుకును వెతుక్కుంటూ రెండేళ్లు హార్లింగెన్ రేవుకు తిరిగి తిరిగి, మంచాన పడి పోయాడు. బౌకె ఎవరితోనూ గొడవ పడలేదు. హిస్కె పలకరిస్తే తల ఊపేది, ఆ గడప మాత్రం మళ్లీ తొక్కలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కట్ట మీద ఏ ఇద్దరు మాట్లాడుకున్నా అది తన గురించేనని హిస్కె అనుకునేది.

1817లో హిస్కె కొడుక్కి పెళ్లి కుదిరింది. పెళ్లి రాయించుకోవాలంటే సైన్యం సంగతి తేలినట్టు కాగితం కావాలి. గుమాస్తా పాత జాబితా తీసి చూశాడు. ఒక సిబ్రెన్ వెళ్లి తిరిగి రాలేదు, ఒకడికి పెద్ద అంకె వచ్చింది, ఇతను ఏ సిబ్రెన్? వెళ్లినవాడి కన్నవాళ్లు వచ్చి, వెళ్లింది మావాడే అని ప్రమాణం చేస్తే తప్ప కాగితం ఇవ్వనన్నాడు. అది లేకపోతే పెళ్లి లేదు, పైగా సైన్యం ఎగ్గొట్టినవాడనే మచ్చ. కన్నవాళ్లలో మిగిలింది బౌకె ఒక్కతే.

హిస్కె మూడో ఇంటికి వెళ్లింది. బౌకె ఆలుగడ్డలు తొక్క తీస్తూ కూర్చుంది, లేవలేదు. సంగతంతా విని, "ఎప్పుడు రమ్మంటావు?" అని మాత్రం అడిగింది.

అంత తేలిగ్గా ఒప్పుకోవడం హిస్కెకు మింగుడుపడలేదు. తనైతే ఈ అదను వదలదు. గుమాస్తా ముందు నిలబడి, వెళ్లాల్సింది ఈవిడ కొడుకే, చెయ్యి చూపించి నావాణ్ణి పంపింది అని బౌకె ఒక్క మాటంటే చాలు. బండిలో ఊళ్లోకి పోతున్నంతసేపూ హిస్కె బౌకె మొహంలోకే చూస్తూ కూర్చుంది.

బౌకె ప్రమాణం చేసింది. "వెళ్లింది నా కొడుకు," అంది. గుమాస్తా సిబ్రెన్ డైక్‌స్ట్రా అని రాసి కాగితం ఇటు తిప్పాడు. బౌకె దాని మీద అరచెయ్యి పెట్టింది.

"తండ్రి పేరు కూడా రాయండయ్యా. లొల్లె కొడుకు సిబ్రెన్ అని రాయండి. ఆ ఒక్క ముక్క లేకనే కదా ఇదంతా."

ఆయన రాశాడు. ఆవిడ సంతకానికి బదులు ఒక గీత అడ్డంగా, ఒక గీత నిలువుగా గీసింది.

బయటికొచ్చాక హిస్కెకు ఉగ్గబట్టుకోవడం చేతకాలేదు. తర్వాత జరిగిన మాటలు మాత్రం రెండిళ్లవాళ్లూ ఒకేలా చెబుతారు.

"ఎందుకు చెప్పావే? నేనైతే చెప్పేదాన్ని కాదు."

"నాకు తెలుసు."

"ఆ రోజు చెయ్యి చూపించింది నేనే."

"చూశాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను."

హిస్కె ఏడ్చింది. బౌకె ఆవిడ ఏడుపు ఆగేదాకా నిలబడింది.

"నీకు మనవడు పుడతాడు," అంది అప్పుడు. "మనలో పెద్దమనవడికి తాత పేరే కదా. నావాడు ఉంటే వాడి కొడుక్కి మా ఆయన పేరు పెట్టేవాడు. నీ మనవడికి పెట్టు. లొల్లె అని."

"మరి మా గోస్సె పేరు?"

బౌకె బండెక్కకుండా కట్ట వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మా నాన్న పేరు లొల్లె డైక్‌స్ట్రా. హిస్కె మనవడైన ఆయన తాత పేరూ లొల్లెయే. గోస్సె అనే పేరు మా ఇంట్లో ఆ తర్వాత ఎవరికీ పెట్టలేదు.